అక్కాతమ్ముళ్ళ పగ మీద రక్తపిశాచుల గ్రాఫిక్ నవల గీయాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గోల్కొండ కాలంలో పుట్టిన నాగమ్మ, తిమ్మయ్య అనే అక్కాతమ్ముళ్ళు 1591లో ఒక డచ్ వర్తకుడి కాటుతో రక్తపిశాచులవుతారు. చావు లేదు, పగ మాత్రం ఉంది. నాలుగు వందల ఏళ్ళు కొట్టుకుని, చివరికి చార్మినార్ మీద తేల్చుకుంటారు. 180 పేజీలు, నాలుగు రంగులు, తెలుగులో. కథ నిలుస్తుందా, రంగులు ఉండాలా, తెలుగు లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు కూర్చడం, ఎలా అని అడిగారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే నగరంలో బొమ్మలు గీసి, మాటల బెలూన్లు నింపి, ప్రెస్సుల చుట్టూ తిరిగినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

ముందు డచ్ ఆయన్ని పంపించేద్దాం. డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1602లో. వాళ్ళు మచిలీపట్నంలో దిగింది ఆ తర్వాతే. 1591లో గోల్కొండ బజారులో డచ్ వర్తకుడు కనిపిస్తే, చరిత్ర తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూస్తాడు. పోర్చుగీసువాణ్ణి పెట్టి సరిదిద్దుకోవచ్చు. కానీ అసలు బయటివాడు ఎందుకని నా ప్రశ్న. తోబుట్టువుల పగ, చావు లేని వరం, రెండూ మన ఇంట్లోనే ఉండగా ఐరోపా నుంచి ఓడలో తెప్పించుకోవడం దేనికి?

సుందోపసుందుల కథ మీకు తెలిసే ఉంటుంది. ఆదిపర్వంలో ఉంది. ఇద్దరు అన్నదమ్ములు తపస్సు చేసి చావు లేకుండా వరం అడుగుతారు. బ్రహ్మ అది కుదరదంటాడు. అయితే ఒకరి చేతిలో ఒకరికి తప్ప మరెవరి చేతిలోనూ చావు లేకుండా ఇవ్వమంటారు. ఒకే పళ్ళెం, ఒకే పడక అన్నట్టు బతికే మనుషులు కదా, మనలో మనకి గొడవేమిటని వాళ్ళ ధీమా. తర్వాత తిలోత్తమ వచ్చింది, ఆమె కోసం కొట్టుకుని ఇద్దరూ పోయారు. మీ పుస్తకానికి కావలసిన అసలు సూత్రం ఇదే. నాగమ్మను చంపగలిగేది తిమ్మయ్య ఒక్కడే, తిమ్మయ్యను చంపగలిగేది నాగమ్మ ఒక్కతే. దీనితో ఒక్క దెబ్బకి రెండు పనులవుతాయి. ఇద్దరూ ఒకరికొకరు భయపడాలి, ఒకరినొకరు కాపాడుకోవాలి కూడా. చావాలని ఎప్పుడైనా అనిపిస్తే పోవలసింది మళ్ళీ ఆ మనిషి దగ్గరికే.

ఇక కాలం. 1591ని వదిలేసి 1543కి వెళ్ళండి. ఆ ఏడాదే గోల్కొండలో సుల్తాన్ కులీని ఆయన కొడుకు జంషీద్ చంపించాడు. వారసుడు కావలసిన సోదరుడి కళ్ళు పీకించాడు. ఇంకో తమ్ముడు ఇబ్రహీం పారిపోయి విజయనగరం చేరి, అళియ రామరాయల పంచన ఏడేళ్ళు ఉన్నాడు. 1550లో జంషీద్ పోయాక తిరిగొచ్చి గద్దె ఎక్కాడు. తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పొగిడింది ఈయన్నే. ఆ తర్వాత 1565లో రామరాయలను కూల్చిన సుల్తానుల కూటమిలో ఈయనా ఉన్నాడు. తోబుట్టువు తరిమాడు, పరాయివాడు అన్నం పెట్టాడు, చివరికి ఆ అన్నం పెట్టినవాడి మీదికే కత్తి. మీ అక్కాతమ్ముళ్ళు ఆ కోటలో నీళ్ళు మోసే ఇంటి పిల్లలనుకోండి. పైన రాజు ఇంట్లో జరుగుతున్నది కింద వీళ్ళ ఇంట్లో ఇంకో రూపంలో జరుగుతుంది. కాటు ఎవరు వేశారన్నది చూపించకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు నియమాల సంగతి. రక్తపిశాచి కథ రాసే ప్రతివాళ్ళూ ముందు ఒక పట్టీ రాసుకుంటారు: ఎండ, వెల్లుల్లి, శిలువ, అద్దం, గడప, పారే నీరు. మీ డ్రాఫ్టులోనూ ఆరూ ఉన్నాయి. నా పద్ధతి వేరు. ఆ అక్కాతమ్ముళ్ళ గొడవకి పనికొచ్చే నియమం ఉంచుతాను, లేనిది తీసేస్తాను. శిలువ గోల్కొండలో ఎవరికీ పట్టదు, తీసేయండి. వెల్లుల్లి అంటే పడని ప్రాణి హైదరాబాద్‌లో నాలుగు వందల ఏళ్ళు ఎలా బతికిందో నాకు అంతుపట్టదు, ఏ వీధిలోకి వెళ్ళినా అల్లం వెల్లుల్లి వాసనే కదా. ఎండ మాత్రం చాలామంది పొరబడేది. 1897 నాటి 'డ్రాక్యులా' నవలలో ఆ పెద్దమనిషి పగలే లండన్ వీధుల్లో తిరుగుతాడు. బలం కాస్త తగ్గుతుంది, అంతే. ఎండ తగిలి మాయమైపోవడమనేది 1922 నాటి 'నోస్ఫెరాటు' అనే జర్మన్ మూకీ సినిమాతో స్థిరపడింది. కాబట్టి అదేమీ శాసనం కాదు. మీకు అవసరం లేకపోతే మే నెల ఎండలో గొడుగేసుకుని నడిపించండి, ఎవరూ అనుమానించరు.

అద్దంలో కనపడరన్న నియమం ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉంచితే ఫోటోల్లోకి తీసుకురండి. ఆరో నిజాం కొలువులో లాలా దీన్‌దయాళ్ ఫోటోలు తీసేవాడు, సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. ఒక గ్రూప్ ఫోటోలో అందరూ పక్కకి జరిగి నిలబడ్డారు, మధ్యలో ఖాళీ. ఒక్క ప్యానెల్, అంటే ఒక్క బొమ్మ గడి, చాలు.

గడప, నది. ఈ రెండూ మాత్రం వదలకండి. మీ పుస్తకం వీటి మీదే నడవాలి.

పిలవనిదే ఇంట్లోకి రాలేదన్న నియమం మన భాషలో చాలా చిత్రంగా కుదురుతుంది. మనం 'వెళ్తాను' అనం, 'వెళ్ళొస్తాను' అంటాం. సాగనంపేవాళ్ళు 'వెళ్ళి రా' అంటారు. అంటే ప్రతి వీడ్కోలూ మళ్ళీ ఒక పిలుపే. ఒక ఇంటి ముసలావిడ మర్యాదకి నాగమ్మతో 'వెళ్ళి రామ్మా' అంది, అంతే, ఆ ఇంటి తలుపు నాగమ్మకి మూడు తరాల దాకా తెరిచే ఉంది. ఒకప్పుడు మన ఊళ్ళల్లో దెయ్యం రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దముక్కతో రాసేవాళ్ళు, గుర్తుందా? ప్రతి రాత్రీ వచ్చి, చదివి, రేపు రమ్మన్నారు కదా అని వెళ్ళిపోతుందని నమ్మకం. మామూలు దెయ్యానికి అది అడ్డు. చావు లేని మనిషికి అది అపాయింట్‌మెంట్. ఈ సీను మీరు రాయకపోతే నేను రాసుకుంటాను.

గడపని పెద్దది చేస్తే కోట. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండ బయట దాదాపు ఎనిమిది నెలలు కూర్చుంది. సొరంగాలు తవ్వారు, ఫిరంగులు పేల్చారు, లోపలికి పోలేకపోయారు. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే లోపలి మనిషి రాత్రిపూట దిడ్డి తలుపు తీశాడు, కోట పడింది. లోపలివాళ్ళు తీస్తే తప్ప లోపలికి రాలేరు. ఆ రాత్రి బయటి సైన్యం వెనక తిమ్మయ్య ఉన్నాడనుకోండి, కోట లోపల నాగమ్మ ఉందనుకోండి. మీ పుస్తకానికి మధ్యలో ఇంతకన్నా పెద్ద రాత్రి దొరకదు.

ఇక మూసీ. పారే నీటిని సొంతంగా దాటలేరు, ఎవరైనా చేయి పట్టుకుని దాటిస్తేనే దాటగలరు అని నియమం పెట్టుకోండి. పురానా పూల్ 1578లో ఇబ్రహీం కాలంలో కట్టిందే. గోల్కొండ ఉత్తరం ఒడ్డున. 1591లో చార్మినార్ చుట్టూ కొత్త నగరం లేచింది దక్షిణం ఒడ్డున. తిమ్మయ్య కొత్త ఊరి మోజులో ఎవరి చేయో పట్టుకుని వంతెన దాటాడు. నాగమ్మని రమ్మనలేదు. అక్కడ మొదలవుతుంది గొడవ. రాజ్యం కోసం కాదు, రత్నం కోసం కాదు, 'నన్ను ఎందుకు తీసుకుపోలేదు' అని. ఎవరి ఇంట్లోనైనా చూడండి, పొలం గట్టు దగ్గర మొదలైందని చెప్పే తగాదాల అడుగున ఇలాంటి మాట ఒకటి ఉంటుంది. పైగా వీళ్ళకి ఆస్తి పంపకాలు కూడా కుదరవు. పంచుకోవాలంటే ఎవరో ఒకరు పోవాలి కదా.

మూడు వందల ఏళ్ళు నది మధ్యలో ఉంది. 1908 సెప్టెంబరు 28న వరద. వేల మంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రిలో ఉంది, వెళ్ళి స్కెచ్ వేసుకురండి. దెయ్యాలుండేది చింతచెట్టు మీదే అని మనకి చిన్నప్పుడు చెప్పారు. ఆ రాత్రి నాగమ్మ ఆ చెట్టు మీద ఉంది. కింద నుంచి చేతులు చాస్తున్నవాళ్ళని ఒక్కొక్కరినీ పైకి లాగుతోంది, ఎవరినీ కరవలేదు. అవతలి ఒడ్డున తిమ్మయ్య చూస్తూ నిలబడ్డాడు, రాలేడు. ఈ సీనుకి మాటలు అక్కర్లేదు. ఆరేడు పేజీలు నిశ్శబ్దంగా వదలండి.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో పైన జలాశయాలు కట్టారు. 1920కి గండిపేట, 1927కి హిమాయత్ సాగర్. ఊళ్ళో మూసీ పారడం తగ్గింది. ఇప్పుడు పారేదంతా మురుగు. మరి మురుగునీరు 'పారే నీరు' కిందికి వస్తుందా, రాదా? వస్తుందని అక్క, రాదని తమ్ముడు, రెండు ఒడ్డుల మీద నిలబడి అరుచుకుంటారు. నాలుగు వందల ఏళ్ళ పగ చివరికి ఇంత చిల్లర వాదనలో తేలాలి. నా మాట వింటే క్లైమాక్స్ ఇదే. చార్మినార్ మీద కత్తియుద్ధం వద్దు, టూరిజం పోస్టరులా ఉంటుంది. పురానా పూల్ మీద పొద్దున కూరగాయల బండ్లు పెట్టకముందు, ఆ చీకట్లో ముగించండి.

ఇంకొక్క రాత్రి. 'డ్రాక్యులా' వచ్చిన 1897లోనే, ఆగస్టులో, మన బేగంపేటలో బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమలు కోస్తూ కూర్చున్నాడు. ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమి దొరికింది. జ్వరంతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించుకోడానికి ఒప్పించి, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. రక్తానికి రేటు కట్టిన ఊరండీ మనది! పైగా కుట్టేది ఆడ దోమే. బేగంపేట ఉత్తరం ఒడ్డే కాబట్టి నాగమ్మ ఆ కిటికీ దగ్గరికి రావచ్చు. అణా లెక్క చూసి ఆమె ముఖంలో ఏం కనిపిస్తుందో మీరే గీయండి.

ఇలా లెక్కేస్తే 1543, వంతెన దాటిన 1591, 1687, 1897, 1908, ఇప్పటి కాలం. ఆరు రాత్రులు. నాలుగు వందల ఏళ్ళు గీయాలని కూర్చుంటే చరిత్ర పాఠ్యపుస్తకం అవుతుంది. ఆరు రాత్రులు గీయండి, మిగతాది వాళ్ళు దెప్పుకునే మాటల్లో వస్తుంది.

వాళ్ళ మాటలు అన్నాను కనుక భాష. మీ డ్రాఫ్టులో ఇద్దరూ ఒకేలా, టీవీ సీరియల్ డబ్బింగులా మాట్లాడుతున్నారు. నాగమ్మ కదలని మనిషి, పాత తెలుగు వదలదు. ఆమె బెలూన్లలో అరసున్నా, బండి ఱ ఉంచండి: 'ఏఱు', 'తమ్ముఁడు', 'నీకెఱుక లేదా'. తిమ్మయ్య ఊరితోపాటు మారినవాడు. 'ఏంది అక్కా, గిప్పుడు గదంతా ఎందుకు' అంటాడు, మధ్యలో 'వద్దు' అనే అర్థంలో దక్కనీ 'నక్కో' కూడా పడుతుంది. బొమ్మ చూడకుండానే ఎవరి మాటో తెలిసిపోతుంది. ఎప్పుడో ఒక్కచోట, కోపం తారస్థాయికి వెళ్ళినప్పుడు, తిమ్మయ్య నోట పొరపాటున ఒక అరసున్నా జారనివ్వండి. వాళ్ళమ్మ మాట్లాడిన తెలుగు ఈ భూమ్మీద ఇంకొక్కరికే తెలుసు, ఆ మనిషినే చంపాలనుకుంటున్నాడు. 'రక్తపిశాచి' అనే మాట మాత్రం పుస్తకంలో ఎవరూ అనకపోతే మేలు. బేతాళుడు అనిపించాలని కూడా ఉంది మీకు. బేతాళుడు శవాన్ని ఆవహించేవాడు, ఇది వేరు. పైగా ఆ మాట వినగానే చందమామలో శంకర్‌గారు వేసిన బొమ్మే కళ్ళముందుకి వస్తుంది. దానితో మనం పోటీ పడలేం.

లెటరింగ్ దగ్గరే తెలుగు కామిక్స్ ఎక్కువగా దెబ్బతింటాయి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి బెలూన్ సైజు ఊహించుకోకండి. మనకి పైన గుడులు, కింద వత్తులు. వరుసల మధ్య ఖాళీ ఎక్కువ పెట్టకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిలో గుచ్చుకుంటుంది. మాటలు పొడుగు, విరగ్గొట్టడానికి హైఫన్ అలవాటు లేదు. 'వెళ్ళిపోవాలనుకుంటున్నావా' అనే ఒక్క మాట సన్న బెలూన్‌ని మింగేస్తుంది. కాబట్టి బెలూన్లు అడ్డంగా వెడల్పుగా వేసుకోండి, పెన్సిల్ దశలోనే అక్షరాలు టైపు చేసి అతికించి చూసుకోండి, బొమ్మ తర్వాత. నేను ఒక ప్యానెల్‌లో పదిహేను మాటలు దాటనివ్వను. అరుపుకి ఇంగ్లీషువాళ్ళలా పెద్దక్షరాలు లేవు మనకి, సైజు పెంచాలి, లావు చేయాలి. శబ్దాలకి 'బూమ్', 'క్రాష్' వద్దు. కిర్రుమనే తలుపు, సర్రున జారే చీర, జుర్రుమనే శబ్దం, ఇన్ని ఉన్నాయి. రక్తం తాగే కథకి 'జుర్ర్' కన్నా మంచి అక్షరం ఏ భాషలో ఉంది?

ఫాంట్లకి రామభద్ర, మండలి, గిడుగు, రవిప్రకాష్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అరసున్నా, ఱ సరిగ్గా వస్తున్నాయో లేదో ముందే టైపు చేసి చూసుకోండి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ప్రెస్సుకి ఇచ్చే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేయాలి, అంటే ఫాంట్ లేకున్నా చెదరని గీతలుగా మార్చాలి. నా మొదటి పుస్తకం 500 కాపీలు వేయించాను. కర్వ్స్ చేయకుండా ఫైలిచ్చాను, ప్రెస్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు, ప్రూఫ్ కూడా చూడకుండా పెళ్ళికి ఊరెళ్ళాను. 'అమ్మ' అన్నచోటల్లా 'అమ్‌మ' అని వచ్చింది. తప్పు నాదే. ఆ కట్టలు చాలా ఏళ్ళు మా మేడ మెట్ల కింద ఉన్నాయి.

రంగుల విషయం. నాలుగు రంగులు వద్దు. ఇది రాత్రి కథ. నలుపుకి తోడు ఒక్క రంగు తీసుకోండి, అది ఎరుపు మాత్రం కాకూడదు, అందరూ అదే చేస్తారు. నేనైతే పసుపు తీసుకుంటాను, వెలుగుకి మాత్రమే. 1543లో ఆముదం దీపం, 1687లో కాగడా, 1908లో కిరసనాయిలు లాంతరు. మొన్నమొన్నటిదాకా మన రోడ్ల మీద సోడియం దీపాల పసుపు, ఇప్పుడేమో తెల్లటి ఎల్‌ఈడీ. అంటే చివరి రాత్రికి వచ్చేసరికి పసుపు పూర్తిగా పోతుంది. కాలం మారిందని శీర్షిక రాయనక్కర్లేదు. రక్తం నల్లగానే ఉండనివ్వండి. ఆఫ్‌సెట్‌లో రెండు రంగులకి ఫారానికి, అంటే 16 పేజీల కట్టకి, నాలుగు రంగులతో పోలిస్తే ప్లేట్లూ సగమే.

నలుపు ఎక్కువ కాబట్టి కాగితం జాగ్రత్త. 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లితో కాగితం మీద ఇంత నలుపు కొడితే వెనక పేజీకి కనిపిస్తుంది, కనీసం 100 చూడండి. గీతల బొమ్మలు 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి. పేజీలు 180 అంటే 16 పేజీల ఫారాల్లో సరిపోదు, 176కి దించండి లేదా 192కి పెంచండి. దించమనే అంటాను. పెన్సిల్, ఇంకు, అక్షరాలు కలిపి నాకు పేజీకి రెండు రోజులు పడుతుంది. ఆ లెక్కన 176 పేజీలంటే ఆదివారాలు కూడా సెలవు లేకుండా 352 రోజులు. మీకు ఉద్యోగం కూడా ఉందన్నారు. ఉలిక్కిపడే బొమ్మ ఏదైనా ఉంటే ఎడమ పేజీలో, అంటే సరిసంఖ్య పేజీలో పెట్టండి. పేజీ తిప్పితేనే కనపడాలి. కుడి పేజీలో పెడితే ఎడమ పేజీ చదువుతుండగానే కన్ను అటు పోతుంది.

డిసెంబరు పుస్తక ప్రదర్శనకి తెచ్చేద్దామని రాశారు. పుస్తకం కాదు, ఒక్క ఫారం తీసుకురండి. తిమ్మయ్య వంతెన దాటే సీను 16 పేజీలు గీసి, జిరాక్స్ తీయించి, పిన్ను కొట్టి, పదిమంది చేతిలో పెట్టండి. చదువుతున్నప్పుడు ఎవరు ఏ పేజీ దగ్గర ఆగుతున్నారో పక్కన నిలబడి చూడండి. ఏమీ అడగకండి.

గీయడం మొదలుపెట్టే ముందు నాగమ్మ ముక్కుపుడక ఏ వైపో, తిమ్మయ్య చెంప మీద గాటు ఏ వైపో కాగితం మీద రాసి బల్లకి అతికించుకోండి. నాలుగు వందల ఏళ్ళలో బట్టలు, జుట్టు, భాష అన్నీ మారతాయి, పాఠకుడు వాళ్ళని గుర్తుపట్టేది ఆ రెండిటితోనే. నేను ఒకసారి 40 పేజీలు ఇంకు పూర్తిచేశాక చూసుకుంటే, ముక్కుపుడక పేజీకోసారి అటూ ఇటూ మారుతోంది.